బొబ్బర్లు, బెండకాయ, గోంగూర: సముద్రాలు దాటిన నల్లజాతి వంట గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

కొన్నేళ్లుగా నల్లజాతి వంటల గురించి చదువుతున్నాను, కుదిరినప్పుడల్లా మా ఇంట్లో వండుతున్నాను. చుట్టాలు, స్నేహితులు, ఆఫీసువాళ్లు అడిగే ప్రశ్నలు ఇంచుమించు ఒకటే ఉంటాయి కాబట్టి అన్నిటికీ ఒకే చోట జవాబు రాస్తున్నాను. వంట బాగుందని మెచ్చుకుని, అది ఎవరి చేతి వంటో మర్చిపోవడం నాకు చాలా బాధ కలిగించే విషయం. అందుకే కింద వంటల పేర్లతో పాటు మనుషుల పేర్లు కూడా ఎక్కువగానే ఉంటాయి.

ఆఫ్రికన్ డయాస్పోరా అంటే ఎవరు?

ఆఫ్రికా నుంచి చెదిరిపోయి వేరే ఖండాల్లో స్థిరపడ్డవాళ్లు, వాళ్ల పిల్లలు, ఆ పిల్లల పిల్లలు. చాలామంది ఇష్టపడి వెళ్లలేదు. 16వ శతాబ్దం నుంచి 19వ శతాబ్దం దాకా సుమారు 1.25 కోట్ల మందిని బానిసలుగా పట్టి అట్లాంటిక్ ఓడలెక్కించారు. ప్రాణాలతో ఒడ్డు చేరినవాళ్లు దాదాపు 1.07 కోట్లు. అందులో ఒక్క బ్రెజిల్‌కే 48 లక్షల మంది దాకా వెళ్లారు. ఇప్పటి అమెరికా నేలకు నేరుగా చేరినవాళ్లు 4 లక్షల లోపే.

నల్లజాతి వంట అనగానే మనకి అమెరికానే గుర్తొస్తుంది. ఈ లెక్క చూశాక మాత్రం బ్రెజిల్‌లోని సాల్వడార్, హైతీలోని పోర్టో ప్రిన్స్, జమైకాలోని కింగ్‌స్టన్ కూడా అంతకు తగ్గని వంటిళ్లని అర్థమవుతుంది.

మరి సోల్ ఫుడ్ అంటే?

నల్లజాతి వంటలో అదొక భాగం. 1910 నుంచి 1970 మధ్య దాదాపు 60 లక్షల మంది నల్లజాతివాళ్లు అమెరికా దక్షిణాది పల్లెలు వదిలి చికాగో, డెట్రాయిట్, న్యూయార్క్ లాంటి పట్నాలకు వలస వెళ్లారు. ఊరి మీద బెంగతో అక్కడ వండుకున్న ఊరి వంటకి 1960ల్లో ఆ పేరు స్థిరపడింది. కొలార్డ్ అనే ఆకుకూర, మొక్కజొన్న రొట్టె, చిలగడదుంపతో చేసే 'పై' (లోపల ముద్ద కూరి కాల్చే తీపి వంటకం), బొబ్బర్లు, ఫ్రైడ్ చికెన్ అందులోవి. కరోలినా, జార్జియా తీరాల్లో ఉండే, బానిసలుగా తెచ్చిన ఆఫ్రికన్ల వారసులైన గల్లా గీచీ వాళ్ల వంట దీనికి వేరు. న్యూ ఓర్లీన్స్ క్రియోల్ వంట ఇంకా వేరు. గోంగూర పచ్చడినీ రాగి సంకటినీ సర్వపిండినీ కలిపి ఒకే పేరు పెట్టేస్తే మనం ఊరుకోం కదా, ఇదీ అంతే.

మన వంటింటికీ ఆఫ్రికాకీ ఏమైనా సంబంధం ఉందా?

చాలా ఉంది. జొన్నలు, సజ్జలు, రాగులు మూడూ ఆఫ్రికాలో సాగు మొదలైన పంటలే. వేల ఏళ్ల క్రితమే మన నేలకు వచ్చేశాయి. బొబ్బర్లు కూడా అక్కడివే, బెండకాయ కూడా అక్కడిదేనని చాలామంది అంటారు. మన పులుసుకి ప్రాణమైన చింతచెట్టు పుట్టిల్లు కూడా ఆఫ్రికాయే. ఎర్ర గోంగూర జాతి మొక్క కూడా ఆ నేల నుంచే వచ్చింది. గోదావరి జిల్లాల్లో కొబ్బరితోటల పక్కన కనిపించే ఆయిల్ పామ్ పశ్చిమ, మధ్య ఆఫ్రికా అడవుల చెట్టు.

అయితే ఇవి మన దాకా వచ్చిన దారి వేరు. ఆయిల్ పామ్‌ని పక్కన పెడితే, ఎక్కువ భాగం బానిస ఓడల కంటే చాలా ముందే వర్తకం మీద వచ్చాయి. నువ్వులు మాత్రం ఎదురు దారిలో వెళ్లాయి. మన ఉపఖండంలో సాగు మొదలై, ఆఫ్రికా చేరి, అక్కడి నుంచి బానిసలుగా పట్టుకుపోయినవాళ్లతో కరోలినా తీరానికి వెళ్లాయి. ఛార్ల్‌స్టన్‌లో ఇప్పటికీ నువ్వుల్ని 'బెన్నె' అంటారు. అది పశ్చిమ ఆఫ్రికా మాట.

మనుషులు కూడా వచ్చారు. హైదరాబాద్‌లో ఏసీ గార్డ్స్ మీదుగా రోజూ వెళ్లేవాళ్లలో ఎంతమందికి తెలుసో గానీ, ఆ 'ఏసీ' అంటే ఆఫ్రికన్ కావల్రీ. నిజాం కొలువులో పనిచేసిన ఆఫ్రికా సంతతి గుర్రపు దళం ఉన్న చోటది. వాళ్ల వారసులైన సిద్దీలు ఇప్పటికీ నగరంలో ఉన్నారు. పెళ్లి బరాత్‌లలో మోగే మర్ఫా డప్పులో వాళ్ల చెయ్యి ఉంది.

కట్టుబట్టలు కూడా లేకుండా వచ్చినవాళ్లు విత్తనాలు ఎలా తెచ్చుకున్నారు?

ఓడల వాళ్లు ప్రయాణంలో తిండి కోసం ఆఫ్రికా తీరంలోనే వడ్లు, కందగడ్డలు, బొబ్బర్లు కొనేవాళ్లు. ఒడ్డు చేరాక మిగిలిన గింజలు నేలకు చేరాయి. తోటల యజమానులు రాళ్లూ రప్పలూ ఉన్న చిన్న చెక్క నేల వదిలేస్తే, ఆదివారం పూట ఆ చెక్కలోనే సొంత తిండి పండించుకున్నారు. సురినామ్, ఫ్రెంచ్ గయానా అడవుల్లోకి తప్పించుకుపోయిన మరూన్ల ఇళ్లలో ఇంకో కథ చెప్తారు: ముత్తవ్వలు జడల్లో వడ్ల గింజలు దాచుకుని వచ్చారని. అక్కడ కొన్ని వరి రకాలకు ఇప్పటికీ ఆ స్త్రీల పేర్లే ఉన్నాయి.

గింజ కంటే ముఖ్యమైనది దాన్ని పండించే తెలివి. పశ్చిమ ఆఫ్రికాలో నైజర్ నది లోతట్టు డెల్టా చుట్టూ ఆసియా వరితో సంబంధం లేకుండానే ఇంకో జాతి వరిని మచ్చిక చేసుకున్నారు. సెనెగాంబియా, సియెర్రా లియోన్ తీరాల్లో ఉప్పునీటిని కట్టలతో ఆపి, మంచినీటిని మళ్లించి వరి పండించడం తరతరాల విద్య. ఆ విద్య తెలిసినవాళ్లని ఏరి మరీ దక్షిణ కరోలినాకు తెచ్చారు. 18వ శతాబ్దంలో ఛార్ల్‌స్టన్ కోట్లకు పడగలెత్తింది ఆ వరి మీదే. ఆ సొమ్ములో పండించినవాళ్లకి పైసా రాలేదు.

అక్కడి పాత ఫొటోలు చూస్తే మన పల్లెటూరు గుర్తొస్తుంది. నిలువు రోలు, ఎదురెదురుగా నిలబడి రోకలి పోటు వేస్తున్న ఇద్దరు ఆడవాళ్లు, పక్కన చెరుగుతున్న ఇంకొకామె. ఆమె చేతిలోది మన చేటలా మూడు అంచులది కాదు, గుండ్రంగా, పళ్లెమంత లోతుగా ఉంటుంది. గడ్డిని చుట్టలు చుట్టలుగా తిప్పి తాటినారతో కుట్టిన బుట్ట అది. అదే కుట్టు సెనెగల్‌లో కూడా కనిపిస్తుంది. ఛార్ల్‌స్టన్ పక్కన మౌంట్ ప్లెజెంట్ ఊళ్లో 17వ నంబరు హైవే పక్కన చిన్న బడ్డీలు వేసుకుని గల్లా గీచీ ఆడవాళ్లు ఇప్పటికీ ఆ బుట్టలు అల్లి అమ్ముతున్నారు.

బ్రెజిల్ అకరజే, మన బొబ్బర్ల గారె ఒకటేనా?

అక్కాచెల్లెళ్లు అనుకోవచ్చు. నైజీరియాలోని యోరుబా వాళ్ల 'అకారా' బ్రెజిల్ చేరి అకరజే అయింది. కోస్తాలో బొబ్బర్లు, సీమలో అలసందలు, తెలంగాణలో బబ్బెర్లు అని మనం పిలిచే గింజే దానికీ ఆధారం. తేడా అంతా చెయ్యి తిరగడంలో ఉంది.

మనం పొట్టుతోనే కచ్చాపచ్చాగా రుబ్బి, అల్లం పచ్చిమిర్చి దట్టించి, చేత్తో అద్ది నూనెలో వేస్తాం. గారె కరకరలాడుతుంది. వాళ్లు పొట్టు మొత్తం తీసేస్తారు. రాత్రంతా నానిన గింజల్ని నీళ్లలోనే రెండు అరచేతుల మధ్య నలుపుతుంటే పొట్టు ఊడి పైకి తేలుతుంది. దాన్ని వంచేసి మళ్లీ నీళ్లు పోయాలి. పావుకిలోకి ఏడెనిమిది సార్లు వంచాల్సి వస్తుంది, ఓపిక కావాలి. తర్వాత వీలైనంత తక్కువ నీళ్లతో మెత్తగా రుబ్బి, గిన్నెలోకి తీసి, గరిటెతో ఒకే వైపు పది నిమిషాలు గిలకొట్టాలి. పిండి తెల్లబడి, పొంగి, దాదాపు రెట్టింపవుతుంది. చిన్న ముద్ద నీళ్లలో వేస్తే తేలాలి. మినప గారెల పిండికి మా అమ్మ పెట్టే పరీక్షే అది! ఉల్లిపాయ, ఉప్పు సరిగ్గా నూనెలో వేయబోయేటప్పుడే కలపాలి. చాలాసేపు ముందే కలిపితే పిండి జారిపోయి నూనెలో విడిపోతుంది. సరిగ్గా వస్తే పైన పలచటి కరకర, లోపల దూదిలాంటి మెత్తదనం.

బ్రెజిల్‌లో దాన్ని డెండే అనే ఎర్రటి పామాయిల్‌లో వేయిస్తారు. మన కిరాణా కొట్టు పామాయిల్ శుద్ధి చేసింది, దానికి ఆ రంగూ రాదు, వాసనా రాదు. ఆ నూనె దొరక్కపోతే వేరుశెనగ నూనె వాడుకోవచ్చు, రుచి మాత్రం వేరుగా ఉంటుందని తెలిసి వాడాలి. వేగాక నిలువుగా చీల్చి, రొట్టె, ఎండు రొయ్యలు, జీడిపప్పు, కొబ్బరిపాలతో చేసిన 'వటపా' ముద్ద, బెండకాయ 'కరురూ', ఇంకొన్ని ఎండు రొయ్యలు కూరి ఇస్తారు. కారం కావాలా అని అడిగి వేస్తారు.

వీటిని అమ్మే ఆడవాళ్లని బయానాలు అంటారు. తెల్లటి లేసు గౌను, తలకి తెల్ల గుడ్డ, మెడలో పూసలు. బానిసత్వం ఉన్న రోజుల్లో వాళ్ల పూర్వీకులు వీధుల్లో అమ్మి, రోజు సంపాదనలో యజమాని వాటా కట్టి, మిగిలిన చిల్లర కూడబెట్టుకుని కొందరు తమ స్వేచ్ఛనీ, తమవాళ్ల స్వేచ్ఛనీ కొనుక్కున్నారు. అకరజే వాళ్లకి తిండి మాత్రమే కాదు, గాలివానల దేవత ఇయన్సాకి నైవేద్యం కూడా. 2005లో బ్రెజిల్ ప్రభుత్వం బయానాల వృత్తిని జాతీయ వారసత్వంగా నమోదు చేసింది. అయినా 2014 ఫుట్‌బాల్ ప్రపంచ కప్పుకి ముందు, స్టేడియం చుట్టుపక్కల వీధి అమ్మకాలు కుదరవని ఆంక్షలు వచ్చాయి. వాళ్లు సంఘంగా నిలబడి, సంతకాలు సేకరించి, తమ చోటు తాము సాధించుకున్నారు. ఇంకో తంటా ఏమిటంటే, కొందరు ఆ దేవత ఊసు లేకుండా 'ఏసు వడ' అని పేరు మార్చి అమ్ముతున్నారు. బయానాలు దీన్ని గట్టిగా వ్యతిరేకిస్తున్నారు. నేను వాళ్ల పక్షమే. ఎవరి దేవుణ్ణి వాళ్లు కొలుచుకోవచ్చు గానీ, నైవేద్యం పేరు మార్చే హక్కు ఎవరికీ లేదు.

హైతీ వాళ్లు జనవరి 1న గుమ్మడికాయ సూప్ ఎందుకు తాగుతారు?

అది వాళ్ల స్వాతంత్ర్య దినం. తోటల్లో గుమ్మడికాయ పండించిందీ, సూప్ కాచిందీ బానిసలే. తాగే హక్కు మాత్రం ఫ్రెంచి దొరలది. బానిసలు తిరగబడి నెపోలియన్ సైన్యాన్ని ఓడించి 1804 జనవరి 1న స్వతంత్రం ప్రకటించుకున్నాక, అదే సూప్ అందరూ తాగారు. మొదటి పాలకుడు డెసలీన్ భార్య మారీ క్లేర్ ఆ రోజు దాన్ని అందరికీ పంచిపెట్టించిందని చెప్పుకుంటారు. గుమ్మడికాయ, గొడ్డుమాంసం, క్యాబేజీ, క్యారెట్, కాస్త పాస్తా, ఘాటైన మిరపకాయ ఒకటి పగలకుండా. పొద్దున్నే ఇంటింటా కాచి, పక్కింటికి గిన్నెడు పంపుతారు. న్యూయార్క్, మయామీ, మాంట్రియల్‌లో ఉన్న హైతీ కుటుంబాలు కూడా ఈ పద్ధతి తప్పవు. 2021లో యునెస్కో దీన్ని మానవజాతి వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ జాబితాలో హైతీకి అదే మొదటి చోటు.

ఆ స్వేచ్ఛకి ఫ్రాన్స్ 1825లో వెల కట్టింది. 15 కోట్ల ఫ్రాంకులు, మీ వల్ల మేం కోల్పోయిన 'ఆస్తికి' నష్టపరిహారం అంటూ. ఆ ఆస్తి లెక్కలో ఆ మనుషులు కూడా ఉన్నారు. తర్వాత 9 కోట్లకు తగ్గించారు. దాని కోసం చేసిన అప్పులు తీరేసరికి 1947 అయింది. ఆ సూప్ గురించి ఎవరికి చెప్పినా నేను ఈ ముక్క కూడా చెప్తాను.

గుర్తుపెట్టుకోవాల్సిన పేర్లు చెప్పండి.

జేమ్స్ హెమింగ్స్. తర్వాత అమెరికా అధ్యక్షుడైన జెఫర్సన్‌కి బానిస. 1784లో యజమానితో పారిస్ వెళ్లి ఫ్రెంచి వంట క్షుణ్ణంగా నేర్చుకున్నాడు. నీ బదులు ఇంకొకరికి నేర్పితే వదిలేస్తానని జెఫర్సన్ షరతు పెడితే, తమ్ముడు పీటర్‌కి నేర్పి 1796లో విడుదలయ్యాడు. వెళ్లే ముందు వంటింటి సామాన్ల జాబితా సొంత చేతిరాతతో రాసిచ్చాడు. ఆ కాగితం ఇప్పటికీ ఉంది.

ఎడ్మండ్ ఆల్బియస్. హిందూ మహాసముద్రంలో రీయూనియన్ దీవి. 1841లో 12 ఏళ్ల బానిస పిల్లవాడు. మెక్సికో నుంచి తెచ్చిన వెనిలా తీగ పూస్తుంది గానీ కాయదు, దొరలకి ఎందుకో అంతుబట్టలేదు. ఈ పిల్లవాడు సన్నటి పుల్లతో పువ్వు లోపలి పొరని ఎత్తి, బొటనవేలితో పుప్పొడి అద్దాడు. కాయ కాసింది. మన కేరళ, కర్ణాటక రైతులు కూడా పొద్దున్నే పువ్వు పువ్వుకీ చేసేది అదే పని. వెనిలాతో ఎందరో ధనవంతులయ్యారు. ఎడ్మండ్ 1880లో పేదరికంలో పోయాడు.

మలిండా రసెల్ 1866లో, ఆబీ ఫిషర్ 1881లో వంట పుస్తకాలు అచ్చువేశారు. ఆబీకి చదవడం, రాయడం రాదు. ఆమె చెప్తుంటే వేరేవాళ్లు రాసుకున్నారు.

న్యూ ఓర్లీన్స్‌లో లియా చేజ్. నల్లవాళ్లు, తెల్లవాళ్లు ఒకే బల్ల దగ్గర కూర్చోవడం చట్టవిరుద్ధమైన రోజుల్లో, ఆమె హోటల్ మేడ మీద గదిలో పౌర హక్కుల నాయకులు గంబో అనే చిక్కటి పులుసు తింటూ వ్యూహాలు రచించారు. 2019లో 96 ఏళ్ల వయసులో పోయేదాకా ఆమెకి వంటిల్లే లోకం. గంబో అనే ఆ మాట కూడా ఆఫ్రికాదే, అంగోలా వైపు భాషలో బెండకాయ పేరు.

ఇక జార్జియా గిల్మోర్. 1955లో అమెరికాలోని మాంట్‌గోమరీలో, బస్సుల్లో వివక్షకి నిరసనగా నల్లజాతివాళ్లు బస్సులు ఎక్కడం మానేశారు. 381 రోజులు సాగిన ఆ ఉద్యమంలో సొంత కార్లలో జనాన్ని తిప్పడానికి పెట్రోలు ఖర్చు కావాలి. జార్జియా, ఇంకొంతమంది వంటమనుషులు ఇళ్లలో చికెన్, పైలు చేసి అమ్మి, ఆ డబ్బు సభల్లో ఇచ్చేవాళ్లు. ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే ఎక్కడి నుంచీ లేదనేవాళ్లు. ఎందుకంటే పేరు బయటపడితే ఉద్యోగం పోతుంది. కోర్టులో సాక్ష్యం చెప్పినందుకు ఆమెకి నిజంగానే పోయింది. అప్పటి నుంచి ఇంటి వంటిల్లే ఆమె హోటల్ అయింది.

పేరు ఇలా కావాలని దాచుకోవడం వేరు, ఎవరో తుడిచేయడం వేరు. 1889లో మొదలైన ఒక పాన్‌కేక్ పిండి ప్యాకెట్ మీద 'ఆంట్ జెమీమా' అని నవ్వుతున్న నల్లజాతి వంటామె బొమ్మ ఉండేది. వండింది తరతరాల అసలు మనుషులు, డబ్బాకెక్కింది ఒక కల్పిత దాసి. ఆ పేరు తీసేసేసరికి 2021 వచ్చింది.

పుచ్చకాయ, ఫ్రైడ్ చికెన్ జోకులకి వాళ్లకి అంత కోపం ఎందుకు?

బానిసత్వం పోయాక చాలామంది పుచ్చకాయలు పండించి, కోళ్లు పెంచి, సొంతంగా అమ్ముకుని నిలదొక్కుకున్నారు. అది చూడలేనివాళ్లు ఆ తిండినే ఎగతాళి చేస్తూ కార్టూన్లు, పోస్టుకార్డులు వేశారు. ఒకరి సంపాదనని అవమానంగా మార్చిన జోకది. వాట్సాప్ గ్రూపులో వస్తే ఫార్వర్డ్ చేయకండి.

వాళ్ల వంటంతా వేపుళ్లు, కొవ్వే కదా?

అది పండగ తిండి. రోజూ తిండి ఆకుకూర, చిక్కుడు జాతి గింజలు, చిలగడదుంప, బెండకాయ. కొలార్డ్ ఉడికిన నీళ్లు కూడా పారబోయకుండా మొక్కజొన్న రొట్టె ముంచుకుని తింటారు.

శాకాహారులకి ఏమున్నాయి?

అకారా ఉంది. జమైకా కలాలూ ఉంది, అది మన తోటకూర జాతే. ట్రినిడాడ్‌లో అదే పేరుతో చామాకు, బెండకాయ, కొబ్బరిపాలు కలిపి వండుతారు. ఘనాలో జొన్న ఆకులు వేసి ఉడికించిన బొబ్బర్ల అన్నాన్ని 'వాచే' అంటారు, ఆకుల వల్ల ముదురు ఎరుపు రంగు వస్తుంది. జమైకాలో రాస్తఫారీ మతం పాటించేవాళ్ల 'ఐటల్' భోజనంలో సాధారణంగా మాంసం ఉండదు. హోటల్లో అయితే మాత్రం అడిగి తినండి, ఎండు రొయ్యలు, పొగబెట్టిన మాంసం చాలా కూరల్లో పడతాయి.

జమైకా ఆకీ పండు విషమా?

పచ్చిది విషమే, ప్రాణం మీదికి వస్తుంది. చెట్టు మీద దానంతట అదే విచ్చుకున్నాకే, గింజ, ఎర్ర పొర తీసేసి, ఉడికించి తినాలి. పశ్చిమ ఆఫ్రికా నుంచి వచ్చిన చెట్టది. ఉప్పు చేపతో కలిపి వండేది జమైకా జాతీయ వంటకం. కొత్తవాళ్లు డబ్బాలో వచ్చేదే కొనుక్కోవడం మంచిది.

ఈ వంటల్ని ఎలా కాపాడుకుంటున్నారు?

యునెస్కో గుర్తింపులు మంచివే. సెనెగల్ చేపల అన్నం 'చెబుజెన్' కూడా 2021లోనే ఆ జాబితాకెక్కింది. కానీ నన్ను అడిగితే అసలు సమస్య భూమి. 1920లో అమెరికాలో సుమారు 9.25 లక్షల మంది నల్లజాతి రైతులు ఉండేవాళ్లు. 2017 లెక్కల్లో 50 వేలలోపే. అప్పులివ్వడంలో వివక్ష, బెదిరింపులు, వలసలు అన్నీ కారణాలే. ఇంకో కారణం మనకి బాగా తెలిసిందే: వీలునామా లేని ఉమ్మడి ఆస్తి. తాత పేరు మీద ఉన్న నేలకి మూడో తరంలో నలభై మంది వారసులుంటారు. ఎక్కడో ఉన్న ఒక్కరి వాటాని రియల్ ఎస్టేట్ వాళ్లు కొని, పంపకాల దావా వేసి, మొత్తం వేలానికి తెస్తారు. సముద్రతీరపు గల్లా గీచీ భూములు ఇలా ఎన్నో పోయి రిసార్టులయ్యాయి. బుట్టలల్లే గడ్డి కోసుకునే చోట్లకి కూడా గేట్లు పడ్డాయి.

జార్జియాలో సాపెలో దీవిలోని హాగ్ హామక్ ఊరు చూడండి. గీచీ ఎర్ర బొబ్బర్లు పండించే కుటుంబాలు అక్కడ ఇంకా కొన్ని ఉన్నాయి. 2023లో అక్కడి కౌంటీ (మన జిల్లా లాంటిది) పెద్ద ఇళ్లు కట్టుకోవడానికి నిబంధనలు సడలించింది. పెద్ద ఇళ్లొస్తే భూమి విలువ పెరుగుతుంది, దాంతో పన్ను పెరుగుతుంది, పాతవాళ్లు కట్టలేక అమ్ముకుంటారు. ఆ భయంతోనే ఊరివాళ్లు పోరాటానికి దిగారు. 2006లో అమెరికా కాంగ్రెస్ ఉత్తర కరోలినా నుంచి ఫ్లోరిడా దాకా తీరాన్ని గల్లా గీచీ వారసత్వ ప్రాంతంగా గుర్తించింది. గుర్తింపు పలక ఉండి, చేను లేకపోతే బొబ్బర్లు ఎక్కడ పండుతాయి?

మనం వండుకుంటే తప్పా?

అస్సలు కాదు. దాని పేరుతోనే పిలవండి, 'బ్రెజిల్ వడ' అని మార్చకండి. వీడియో పెడితే ఎవరి దగ్గర నేర్చుకున్నారో చెప్పండి. విదేశాల్లో ఉన్నవాళ్లకి ఇంకా తేలిక, దగ్గర్లో నల్లజాతి కుటుంబం నడిపే హోటల్ ఉంటే అక్కడ తిని, బాగుంటే వండినవాళ్లతోనే ఆ మాట చెప్పండి.

మొదటిసారి ఏది చేసి చూడాలి?

ఎర్ర గోంగూర కాయల పానీయం. సెనెగల్‌లో బిస్సాప్, జమైకాలో సోరెల్. 1865 జూన్ 19న టెక్సస్‌లోని గాల్వెస్టన్‌లో బానిసలకి విడుదల కబురు అందింది. ఆ రోజుని జరుపుకునే జూన్‌టీన్త్‌కి నల్లజాతి అమెరికన్లు ఎర్రటి పానీయాలు తాగుతారు. ఇదీ ఆ వరసలోదే.

కాయ చుట్టూ ఉండే దళసరి ఎర్ర రేకులు కావాలి. ఎండబెట్టినవి గుప్పెడు తీసుకుని, ఒకసారి కడిగి, లీటరు నీళ్లలో అల్లం ముక్క, రెండు లవంగాలతో పది నిమిషాలు మరిగించండి. మూత పెట్టి రాత్రంతా వదిలేస్తే రంగు బాగా దిగుతుంది. పొద్దున వడకట్టి చక్కెర కలపండి, పులుపుని బట్టి అర కప్పు నుంచి ముప్పావు కప్పు దాకా పడుతుంది. చల్లబడ్డాక నిమ్మరసం పిండి, పుదీనా వేసి ఇవ్వండి. తాగినవాళ్లు ఇదేమిటని అడిగితే, బిస్సాప్ అని చెప్పండి.